ఆసియా వేదికపై తొమ్మిదిసార్లు: భారత మహిళా బాస్కెట్‌బాల్ మాజీ సారథి, పద్మశ్రీ పి. అనిత క్రీడా ప్రస్థానం

ప్రత్యేక వ్యాసం

2021 గణతంత్ర దినోత్సవ సందర్భంగా కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన 119 పద్మ పురస్కారాలలో క్రీడారంగానికి ఏడు పద్మశ్రీలు లభించాయి. పర్వతారోహకురాలు అన్షు జంసెన్‌పా, టేబుల్ టెన్నిస్ క్రీడాకారిణి మౌమా దాస్, పరుగుల రాణి సుధా సింగ్, అథ్లెటిక్స్ శిక్షకులు మాధవన్ నంబియార్, మల్లయోధుడు వీరేందర్ సింగ్, పారా క్రీడాకారుడు కె.వై. వెంకటేశ్‌లతో పాటు ఆ జాబితాలో చోటు పొందిన ఏడవ పేరు తమిళనాడుకు చెందిన శ్రీమతి పి. అనితది. భారత మహిళా బాస్కెట్‌బాల్ జట్టుకు ఆమె సారథ్యం వహించారు.

క్రీడాపుటలలో ఆమె పేరు తరచుగా కనిపించినది కాదు. ఆమె ఆడిన జట్టు ప్రపంచకప్‌కు గాని, ఒలింపిక్స్‌కు గాని అర్హత పొందలేదు. అయినప్పటికీ 2001 నుండి 2017 వరకు జరిగిన తొమ్మిది ఆసియా ఛాంపియన్‌షిప్ పోటీలలో, ఒక్కటి కూడా తప్పకుండా దేశం తరఫున ఆడిన ఏకైక భారత క్రీడాకారిణిగా ఆమె గుర్తింపు పొందారు. గెలుపులకంటె ఓటములను ఎక్కువగా చవిచూసే జట్టుకు నాయకత్వం వహించడమంటే ఏమిటి, అటువంటి జట్టులో ఒక క్రీడాకారిణి పదహారేళ్ళు నిలిచి ఉండడానికి ఏయే ఏర్పాట్లు తోడ్పడ్డాయి అన్న అంశాలను ఆమె ప్రస్థానం ఆధారంగా ఈ వ్యాసం వివరిస్తున్నది.

మద్రాసు నేలపై పాతుకున్న ఆట

బాస్కెట్‌బాల్ 1891లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలో పుట్టింది. చలికాలంలో విద్యార్థులకు గదిలోపలే వ్యాయామం కల్పించాలన్న ఉద్దేశంతో వై.ఎం.సి.ఎ. శిక్షణాలయ ఉపాధ్యాయులు జేమ్స్ నైస్మిత్ ఈ ఆటను రూపొందించారు. అదే సంస్థ ద్వారా ఈ ఆట భారతదేశానికి చేరింది. 1920లో హారీ క్రో బక్ మద్రాసులో నెలకొల్పిన వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాల దేశానికి వ్యాయామోపాధ్యాయులను అందించిన తొలి సంస్థలలో ఒకటి. అక్కడ శిక్షణ పొందినవారు దక్షిణాది పాఠశాలలకు ఈ ఆటను తీసుకువెళ్ళారు. చెన్నై నగరంలో బాస్కెట్‌బాల్‌కు బలమైన పునాది ఏర్పడడానికి ఇదొక ముఖ్య కారణం.

దేశంలో ఈ ఆటను పర్యవేక్షించే భారత బాస్కెట్‌బాల్ సమాఖ్య 1950లో ఏర్పడింది. పురుషుల జట్టు ఒకే ఒక్కసారి, 1980లో మాస్కో ఒలింపిక్స్‌లో పాల్గొన్నది. మహిళల బాస్కెట్‌బాల్ 1976లో మాంట్రియల్‌లో ఒలింపిక్ క్రీడల్లో చేరినప్పటికీ భారత మహిళల జట్టుకు ఇంతవరకు ఆ అవకాశం దక్కలేదు. కనుక భారత మహిళా జట్టుకు రెండేళ్ళకు ఒకసారి జరిగే ఆసియా ఛాంపియన్‌షిప్పే ప్రధాన కొలమానంగా ఉంటూ వచ్చింది.

శ్రీమతి అనిత 1985 జూన్ 22న చెన్నైలో జన్మించారు. పదకొండేళ్ళ వయస్సులో బంతి చేతబట్టారు. అయిదేళ్ళు గడిచేసరికి, అనగా 2001లో, పదహారేళ్ళ ప్రాయంలోనే సీనియర్ జాతీయ జట్టులో స్థానం సంపాదించారు. పాఠశాల విద్యార్థినికి తగిన వయస్సులో ఆమె చైనా, జపాన్, కొరియా వంటి ఆసియా అగ్రశ్రేణి దేశాలు పాల్గొనే పోటీలకు వెళ్ళారు.

పందొమ్మిదేళ్ళకే సారథ్యం

జాతీయ జట్టులోకి వచ్చిన మూడేళ్ళకు, పందొమ్మిదేళ్ళ వయస్సులో, జట్టు సారథ్య బాధ్యత ఆమెకు లభించింది. సీనియర్ మహిళల జట్టుకు అంత చిన్న వయస్సులో నాయకత్వం వహించినవారు లేరని క్రీడావర్గాలు చెబుతాయి. అప్పటికి జట్టులో ఆమెకంటె వయస్సులోను, అనుభవంలోను పెద్దవారు ఉన్నారు.

ఈ సందర్భంగా బాస్కెట్‌బాల్‌లో సారథి పాత్రను వివరించడం అవసరం. క్రికెట్‌లో బౌలింగు మార్పులు, ఫీల్డింగు అమరిక సారథి నిర్ణయిస్తారు. బాస్కెట్‌బాల్‌లో అట్లా కాదు. ఎవరు ఆడాలి, ఎవరు బయటికి రావాలి, ఎప్పుడు విరామం కోరాలి అన్నవన్నీ శిక్షకుల అధికారాలు. పన్నెండుమంది సభ్యుల జట్టులో అయిదుగురు మాత్రమే ఒకేసారి మైదానంలో ఉంటారు. సారథి ఆ అయిదుగురిలో లేని సమయం కూడా ఉంటుంది.

అంతర్జాతీయ సమాఖ్య నియమావళి సారథికి ఇచ్చే అధికారాలు పరిమితమైనవి. ఆట ఆగి, గడియారం నిలిచిన సమయంలో మాత్రమే, మర్యాదపూర్వకంగా, నిర్ణేతల నుండి సమాచారం కోరవచ్చును. ఫలితంపై అభ్యంతరం ఉన్నట్లయితే నిర్ణీత వ్యవధిలో తెలియజేసి, స్కోరు పత్రంపై సంతకం చేసే బాధ్యత సారథిది. శిక్షకులు, సహాయ శిక్షకులు ఇరువురూ లేని పరిస్థితి ఏర్పడితే శిక్షకుల విధులను కూడా సారథే నిర్వర్తించవలసి ఉంటుంది. నియమావళిలో సారథి గురించి ఉన్నది ప్రధానంగా ఇంతే.

నియమావళిలో లేనిది మరొకటి ఉంది. నలభై నిమిషాల ఆట నాలుగు భాగాలుగా సాగుతుంది. బంతి చేతికి అందిన ఇరవై నాలుగు సెకన్లలోగా బుట్టవైపు విసరవలసి ఉంటుంది. ఆ వేగంలో శిక్షకుల మాట ప్రతిసారీ మైదానంలోకి చేరదు. ప్రత్యర్థి వరుసగా పది పాయింట్లు సాధించినప్పుడు తోటివారి తొందరపాటును ఎవరో ఒకరు అదుపు చేయాలి. తప్పు చేసిన కొత్త క్రీడాకారిణికి తిరిగి బంతి అందించి ధైర్యం చెప్పాలి. భారత జట్టు విషయంలో భాష కూడా ఒక అంశం. తమిళనాడు, కేరళ, కర్ణాటక, మహారాష్ట్ర, ఉత్తరప్రదేశ్, పంజాబ్, ఛత్తీస్‌గఢ్ వంటి రాష్ట్రాల నుండి వచ్చిన యువతులు శిక్షణ శిబిరంలో ఒకే జట్టుగా మారాలి. ఈ పనికి అధికారం కన్న నమ్మకం ముఖ్యం.

సారథ్యం చేతులు మారినా సేవ ఆగలేదు

భారత జట్టులో సారథి పదవి శాశ్వతమైనది కాదు. ఆయా పోటీలకు జట్టును ప్రకటించే సమయంలోనే సారథి పేరును కూడా ప్రకటించడం పరిపాటి. 2006లో మెల్‌బోర్న్ కామన్వెల్త్ క్రీడలలో తొలిసారిగా బాస్కెట్‌బాల్‌ను చేర్చినప్పుడు భారత మహిళల జట్టుకు వారణాసికి చెందిన దివ్యా సింగ్ సారథ్యం వహించారు. ఆమె సోదరి ప్రశాంతి సింగ్, కేరళకు చెందిన గీతూ అన్నా జోస్ కూడా ఆ తరం జట్టుకు మూలస్తంభాలుగా నిలిచారు. గీతూ అన్నా జోస్ ఆస్ట్రేలియాలో రింగ్‌వుడ్ హాక్స్ క్లబ్బు తరఫున ఆడి, 2011లో అమెరికా మహిళల వృత్తి లీగ్ జట్ల ఎంపిక పరీక్షలకు కూడా హాజరయ్యారు.

పందొమ్మిదేళ్ళకే సారథి అయిన శ్రీమతి అనిత ఇతరుల సారథ్యంలోనూ ఆడారు. సారథి హోదా ఉన్నా లేకున్నా ఆసియా పోటీలలో ఆమె స్థానం మారలేదు. ఒకసారి నాయకత్వం వహించినవారు తరువాత సాధారణ సభ్యులుగా కొనసాగడం అన్ని జట్లలోను సులభం కాదు. పాత సారథులు పక్కకు తప్పుకోకుండా, కొత్త సారథికి అడ్డు కాకుండా జట్టులో ఉండగలిగినప్పుడే అనుభవం తరువాతి తరానికి చేరుతుంది.

శిక్షకుల మార్పు కూడా ఈ అంశంతో ముడిపడి ఉంది. అమెరికాకు చెందిన టమికా రేమండ్, స్పెయిన్‌కు చెందిన ఫ్రాన్సిస్కో గార్సియా, సెర్బియాకు చెందిన జోరాన్ విసిచ్ వివిధ సంవత్సరాలలో భారత మహిళల జట్టుకు శిక్షణ ఇచ్చారు. ఒక్కొక్కరిది ఒక్కొక్క పద్ధతి. శిక్షకులు మారినప్పుడల్లా ఆట తీరు మారుతుంది. కొత్త పద్ధతిని ముందుగా ఆకళించుకొని చిన్నవారికి ఆచరించి చూపే బాధ్యత సహజంగానే సీనియర్లపై పడుతుంది.

తొమ్మిది పోటీలు, వాటి వేదికలు

శ్రీమతి అనిత పాల్గొన్న కాలంలో ఆసియా మహిళల ఛాంపియన్‌షిప్ పోటీలు జరిగిన వివరాలు ఈ విధంగా ఉన్నాయి.

2001 – బ్యాంకాక్, థాయ్‌లాండ్
2004 – సెండాయ్, జపాన్
2005 – చిన్‌హువాంగ్‌దావో, చైనా
2007 – ఇంచియాన్, దక్షిణ కొరియా
2009 – చెన్నై, భారతదేశం
2011 – ఒమూరా, జపాన్
2013 – బ్యాంకాక్, థాయ్‌లాండ్
2015 – వుహాన్, చైనా
2017 – బెంగళూరు, భారతదేశం

ఈ పోటీల పేరు కాలక్రమంలో మారిందన్న విషయం పాత్రికేయులు గమనించదగినది. తొలుత ఆసియా బాస్కెట్‌బాల్ సమాఖ్య ఛాంపియన్‌షిప్ అని, తదుపరి ఫిబా ఆసియా ఛాంపియన్‌షిప్ అని, 2017 నుండి ఫిబా మహిళల ఆసియా కప్ అని వ్యవహరిస్తున్నారు. పేర్లు వేరైనా పోటీల పరంపర ఒక్కటే. అదేవిధంగా పద్మ పురస్కారాల జాబితాలో పి. అనితగా నమోదైన పేరు క్రీడా రికార్డులలో అనితా పాల్‌దురైగా కనిపిస్తుంది.

2015 వరకు ఈ పోటీలు రెండు స్థాయిలలో జరిగాయి. మొదటి స్థాయిలో ఆరు జట్లు, రెండవ స్థాయిలో ఆరు జట్లు. మొదటి స్థాయిలో చివరి రెండు స్థానాలలో నిలిచిన జట్లు రెండవ స్థాయిలో అగ్రస్థానాలు పొందిన రెండు జట్లతో తలపడవలసి ఉండేది. గెలిచినవారు తదుపరి పోటీలలో మొదటి స్థాయిలో ఆడతారు. ఓడినవారు కిందికి దిగుతారు.

ఈ విధానం తెలియకపోతే భారత జట్టు ఫలితాలను సరిగా అంచనా వేయడం కష్టం. మొదటి స్థాయిలో చైనా, కొరియా, జపాన్, చైనీస్ తైపీ జట్లు అప్పట్లో దాదాపు స్థిరంగా ఉండేవి. అక్కడికి చేరిన అయిదవ, ఆరవ జట్లకు పతకం ఆశ దూరం. వాటి ముందున్న పని ఒక్కటే: ఉన్న స్థానాన్ని కాపాడుకోవడం. బలమైన జట్ల చేతిలో వారంలో నాలుగు, అయిదు ఆటలు పెద్ద తేడాతో ఓడిపోయిన తరువాత, అలసిన కాళ్ళతో, చివరి రోజున కిందిస్థాయి నుండి వచ్చిన జట్టును ఓడించాలి. వరుస ఓటముల తరువాత కూడా ఆ ఒక్క ఆటకు జట్టును సిద్ధం చేయడమే అట్టి జట్టులో నాయకత్వానికి అసలు పరీక్ష.

భారత మహిళలు 2009లో చెన్నైలో స్వదేశీ ప్రేక్షకుల ముందు మొదటి స్థాయిలో ఆడారు. 2011, 2013, 2015 పోటీలలో కూడా ఆ స్థాయిని నిలుపుకున్నారు. 2013లో బ్యాంకాక్‌లో కజకిస్థాన్‌ను వెనుకకు నెట్టి అయిదవ స్థానం పొందారు. ఆసియా వేదికపై భారత మహిళల ఉత్తమ ఫలితాలలో ఇది ఒకటి. పతకాల పట్టికలో కనిపించని ఈ అయిదవ స్థానం విలువ, పైన వివరించిన పద్ధతి తెలిసినవారికే బోధపడుతుంది.

శిక్షకులు లేని ఆటలో స్వర్ణాలు

బాస్కెట్‌బాల్‌లో ఇటీవలి కాలంలో ప్రాచుర్యం పొందిన మరొక రూపం ముగ్గురేసి సభ్యులతో ఆడే త్రీ ఎక్స్ త్రీ. ఇందులో సగం మైదానం, ఒకే బుట్ట ఉంటాయి. జట్టులో నలుగురు సభ్యులు, వారిలో ఒకరు ప్రత్యామ్నాయం. పది నిమిషాల వ్యవధి ముగిసేలోగా ముందుగా ఇరవై ఒక్క పాయింట్లు సాధించినవారిదే విజయం. బంతిని పన్నెండు సెకన్లలోగా విసరాలి. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో దీనికి తొలిసారి చోటు లభించింది.

ఈ ఆటకు ఒక ప్రత్యేకత ఉంది. ఆట జరుగుతున్నప్పుడు శిక్షకులు మైదానంలో ఉండరాదు, ప్రేక్షకుల మధ్య నుండి సూచనలు ఇవ్వడానికి కూడా అనుమతి లేదు. విరామం ఎప్పుడు తీసుకోవాలి, ఎవరిని మార్చాలి అన్న నిర్ణయాలు క్రీడాకారిణులే తీసుకోవాలి. అయిదుగురి ఆటలో పరిమితంగా ఉండే మైదానంలోని నాయకత్వం ఇక్కడ సర్వస్వం అవుతుంది.

2012లో చైనాలోని హైయాంగ్‌లో జరిగిన ఆసియా బీచ్ క్రీడలలో భారత మహిళల జట్టు ఈ విభాగంలో స్వర్ణ పతకం గెలుచుకున్నది. 2013లో దోహాలో జరిగిన ఆసియా త్రీ ఎక్స్ త్రీ ఛాంపియన్‌షిప్‌లో కూడా స్వర్ణం సాధించింది. ఈ రెండు విజయాలూ శ్రీమతి అనిత క్రీడా జీవితంలో ప్రధాన ఘట్టాలుగా నమోదయ్యాయి. పూర్తిస్థాయి ఆటలో ఎత్తులోను, రిజర్వు బలంలోను వెనుకబడిన భారత్, అనుభవజ్ఞులైన నలుగురు చాలినప్పుడు ఆసియాలో అగ్రస్థానాన్ని అందుకోగలదని అవి చూపాయి.

రైల్వే ఉద్యోగం ఇచ్చిన ఆసరా

భారతదేశంలో ఆమె ఆడిన కాలంలో మహిళలకు సుస్థిరమైన వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్ లేదు. ఆటపై ఆధారపడి జీవించే అవకాశం లేనప్పుడు ఒక యువతి ముప్పై ఏళ్ళు దాటిన తరువాత కూడా జాతీయ జట్టులో ఎట్లా కొనసాగగలదు అన్న ప్రశ్నకు సమాధానం ప్రభుత్వరంగ ఉద్యోగంలో ఉంది. శ్రీమతి అనిత దక్షిణ రైల్వేలో ఉద్యోగం పొందారు. గీతూ అన్నా జోస్ కూడా ఇదే రైల్వేకు చెందినవారు.

రైల్వేల క్రీడా వ్యవస్థ పాతది. 1928లో ఒక క్రీడా సంఘంగా ఆరంభమైన రైల్వే క్రీడా ప్రోత్సాహక మండలి దేశవ్యాప్తంగా క్రీడాకారులకు నియామకాలు, శిక్షణ, సెలవులు, పోటీల ఏర్పాట్లను పర్యవేక్షిస్తున్నది. జాతీయ ఛాంపియన్‌షిప్‌లలో రైల్వేలు రాష్ట్రాల మాదిరిగానే సొంత జట్టుతో పాల్గొంటాయి. ఆ జట్టు మహిళల బాస్కెట్‌బాల్‌లో చిరకాలంగా అగ్రగామి. వివిధ రైల్వే మండలాల నుండి ఎంపికైన జాతీయస్థాయి క్రీడాకారిణులు ఏటా కలిసి సాధన చేయడం, కలిసి ఆడడం దీనికి కారణం. జాతీయ ఛాంపియన్‌షిప్‌లలో శ్రీమతి అనిత ఖాతాలో ముప్పై పతకాలు ఉన్నట్లు రికార్డులు తెలుపుతున్నాయి.

ఇక్కడ క్రీడా కోటా ఉద్యోగం జీతానికే పరిమితం కాదు. సాధనకు వేళ, శిబిరాలకు వేతనంతో కూడిన సెలవు, గాయపడితే వైద్యం, ఆట ముగిసిన తరువాత కూడా కొనసాగే ఉపాధి అందులో ఇమిడి ఉన్నాయి. కుమార్తెను ఆటకు పంపాలా వద్దా అని ఆలోచించే మధ్యతరగతి కుటుంబానికి ఈ భరోసా నిర్ణయాత్మకం. ప్రతిభ గల బాలికలు ఇంటర్మీడియట్ దశలో ఆట విడిచిపెట్టడానికి చాలా సందర్భాలలో ఈ భరోసా లేకపోవడమే కారణమన్నది క్రీడాధికారులకు అనుభవంలో ఉన్న విషయమే.

తల్లి అయిన తరువాత తిరిగి మైదానంలోకి

2015 ఆసియా పోటీల తరువాత భారత జట్టు కిందిస్థాయికి దిగింది. ఇదే సమయంలో పోటీల నిర్మాణం కూడా మారింది. ఓషియానియా ఖండంలోని ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ జట్లను 2017 నుండి ఆసియా పోటీలలో చేర్చారు. ఎ విభాగంలో ఎనిమిది జట్లు, బి విభాగంలో మిగిలినవి ఆడేటట్లు ఏర్పాటయింది. బి విభాగంలో విజేతగా నిలిచిన జట్టుకు మాత్రమే పైకి వెళ్ళే అవకాశం. భారత జట్టు బి విభాగంలో ఆడవలసి వచ్చింది.

శ్రీమతి అనిత ప్రసవం కారణంగా కొంతకాలం ఆటకు దూరమయ్యారు. అప్పటికే ఎనిమిది ఆసియా పోటీలు ఆడిన క్రీడాకారిణి అంతటితో విరమించినా ఎవరూ తప్పుపట్టరు. మన దేశంలో వివాహం, మాతృత్వం అనేకమంది క్రీడాకారిణుల ప్రస్థానానికి ముగింపు కావడం తెలిసినదే. ప్రసవానంతరం శరీర దారుఢ్యాన్ని తిరిగి పొందడానికి క్రమబద్ధమైన వ్యాయామం, వైద్య పర్యవేక్షణ, శిశు సంరక్షణలో కుటుంబ సహకారం తప్పనిసరి. బాస్కెట్‌బాల్‌లో ఆగకుండా పరుగెత్తడం, ఎగరడం, ఒక్కసారిగా దిశ మార్చడం ఉంటాయి కనుక మోకాళ్ళు, నడుము, ఉదర కండరాలపై భారం అధికం. ఈ ఇబ్బందులను అధిగమించి ఆమె తిరిగి జాతీయ జట్టులో స్థానం పొందారు.

2017 జులై 23 నుండి 29 వరకు బెంగళూరులో పోటీలు జరిగాయి. భారత జట్టు ఒక్కొక్క ఆట గెలుచుకుంటూ బి విభాగం ఫైనల్‌కు చేరింది. ప్రత్యర్థి కజకిస్థాన్. తుదివరకు ఉత్కంఠభరితంగా సాగిన ఆటలో భారత్ 75–73 స్కోరుతో, కేవలం రెండు పాయింట్ల తేడాతో విజయం సాధించింది. తద్వారా ఎ విభాగంలో ఆడే అర్హత పొందింది. జీనా, శిరీన్ లిమయే వంటి తరువాతి తరం క్రీడాకారిణులు ఈ జట్టులో ఉన్నారు. ముప్పై రెండేళ్ళ శ్రీమతి అనితకు ఇది తొమ్మిదవ ఆసియా పోటీ. దేశం తరఫున ఆమె ప్రస్థానం ఈ విజయంతో సంపూర్ణమయింది.

ఆలస్యంగా అందిన గుర్తింపు

బాస్కెట్‌బాల్‌లో అర్జున పురస్కారాలు అరుదు. గీతూ అన్నా జోస్‌కు 2014లో, ప్రశాంతి సింగ్‌కు 2017లో, పురుషుల జట్టు సారథి విశేష్ భృగువంశీకి 2020లో ఈ పురస్కారం లభించింది. శ్రీమతి అనిత పేరు ఆ జాబితాలో లేదు. 2019లో ప్రశాంతి సింగ్ పద్మశ్రీ పొందిన తొలి బాస్కెట్‌బాల్ క్రీడాకారిణి అయ్యారు. రెండేళ్ళకు శ్రీమతి అనితకు అదే గౌరవం దక్కింది. 2021 నవంబరులో రాష్ట్రపతి భవన్‌లో జరిగిన కార్యక్రమంలో అప్పటి రాష్ట్రపతి శ్రీ రామ్‌నాథ్ కోవింద్ పద్మ పురస్కారాలను ప్రదానం చేశారు.

క్రీడా పురస్కారాల ఎంపికలో అంతర్జాతీయ పతకాలకు ప్రాధాన్యం ఉండడం సమంజసమే. అయితే జట్టు క్రీడలలో, అందునా దేశం ఇంకా ఎదుగుతున్న క్రీడలలో, ఒక వ్యక్తి సేవను పతకాల లెక్కతో మాత్రమే కొలవడం కష్టం. ఆసియా మొదటి స్థాయిలో అయిదవ స్థానానికి పాయింట్లు లేవు. కిందికి దిగకుండా జట్టును కాపాడిన ఆటకు పతకం లేదు. పదహారేళ్ళు వరుసగా ఎంపిక శిబిరానికి హాజరై, ప్రతిసారీ చోటు నిలుపుకోవడానికి పురస్కార నిబంధనలలో గడి లేదు. సాధారణంగా గుర్తింపునకు నోచుకోని ఇటువంటి సేవ పౌర పురస్కారం రూపంలో గౌరవం పొందడం విశేషం.

తరువాతి పరిణామాలు

2017 విజయం ఫలితంగా భారత మహిళలు 2019లో బెంగళూరులోను, 2021లో జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లోను జరిగిన ఆసియా కప్ ఎ విభాగంలో పాల్గొన్నారు. జపాన్, చైనా, ఆస్ట్రేలియా, కొరియా వంటి జట్లతో నిండిన ఆ విభాగంలో రెండుసార్లూ ఎనిమిదవ స్థానంతో సరిపెట్టుకున్నారు. 2021 తరువాత జట్టు మరల బి విభాగానికి చేరింది. పైస్థాయికి చేరడం ఎంత శ్రమతో కూడినదో, అక్కడ నిలవడం అంతకంటె కష్టమని ఈ ఫలితాలు మరొకసారి తెలిపాయి. 2011 నుండి 2015 వరకు మొదటి స్థాయిని వదలకుండా పట్టి ఉంచిన జట్టు సాధించినదేమిటో ఈ నేపథ్యంలో మరింత స్పష్టమవుతుంది.

ఆట నుండి విరమించిన తరువాత శ్రీమతి అనిత శిక్షణ రంగంలో కృషి చేస్తూ తన అనుభవాన్ని యువ క్రీడాకారిణులకు అందిస్తున్నారు.

ఆమె ప్రస్థానం నుండి క్రీడా పరిపాలనకు ఉపకరించే అంశాలు ప్రధానంగా నాలుగు. మొదటిది, పదకొండేళ్ళ వయస్సులో బాలికకు అందుబాటులో ఉండే మైదానం, శిక్షకులు. చెన్నైలో ఈ వసతి తరతరాలుగా ఉండడం వల్లనే పదహారేళ్ళకు జాతీయ క్రీడాకారిణి తయారైంది. రెండవది, యుక్తవయస్సులో ఉద్యోగ భద్రత. మూడవది, ప్రసవానంతరం తిరిగి రాదలచిన క్రీడాకారిణికి శిబిరం తలుపులు తెరిచి ఉంచడం. నాలుగవది, సారథ్యం ముగిసిన క్రీడాకారులను జట్టు నుండి దూరం చేయక, వారి అనుభవాన్ని వినియోగించుకోవడం.

ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి లోపించినా తొమ్మిది ఆసియా పోటీల రికార్డు సాధ్యమయ్యేది కాదు. మొదటి పోటీకి బ్యాంకాక్ వెళ్ళిన పదహారేళ్ళ విద్యార్థిని, చివరి పోటీలో బెంగళూరు మైదానంలో గెలిచిన జట్టుతో నిలిచిన తల్లి ఒక్కరే కావడం భారత మహిళా క్రీడారంగంలో అరుదైన ఘటన. అది అరుదుగా మిగలకుండా చూడడం క్రీడా సంస్థల ముందున్న కర్తవ్యం.